ఏడో పడక తూకం

ముందుగా వినిపించేది చక్రం. కిర్రు, కిర్రు, టక్. కిర్రు, కిర్రు, టక్. నట్టు వదులైన ఆ ఒక్క చక్రం వరండా మలుపు తిరిగిందంటే, తెరల వెనక కూర్చున్న తల్లులందరూ జుట్టు సర్దుకుని, కళ్ళు తుడుచుకుని, అడగవలసిన ప్రశ్నల్ని పెదవుల మీద మరోసారి వల్లించుకునేవారు. డాక్టర్ల ఫైళ్ళ బండి మొదటి పడక దగ్గర ఆగేది. గొంతులు, కాగితాల రెపరెప, ఎవరిదో చిన్న దగ్గు. మళ్ళీ చక్రం. రెండో పడక. మూడో పడక. అలా ఒక్కొక్కటే ఆరో పడక దాకా వచ్చేది. అక్కడినుంచి కదిలి, మా తెర ముందునుంచి వేగమేమీ తగ్గకుండా సాగిపోయి, ఎనిమిదో పడక దగ్గర ఆగేది.

మాది ఏడో పడక.

తెర కింద జానెడు సందు ఉండేది. అందులోంచి డాక్టర్ల బూట్లు కనిపించేవి. అక్క పాప మీదినుంచి చూపు తిప్పకుండానే అడిగేది:

“ఎన్ని జతలే?”

“ఎనిమిది.”

“ఒక్కటైనా మనవైపు తిరిగిందా?”

“లేదక్కా.”

“రేపు చూద్దాంలే,” అనేది, బస్సు తప్పిపోయినవాళ్ళు అన్నట్టుగా.

అది మా అక్క తొలి కాన్పు. వానలు అప్పుడే మొదలయ్యాయి. పాప పదిహేడు వందల ఇరవై గ్రాములతో పుట్టింది. చిన్న గడ్డం, చెవులు కాస్త కిందికి, చూపుడువేలు నడిమివేలి మీదికెక్కిన బిగుసు పిడికిళ్ళు. చేతికి అందినదేదో తిరిగి ఇచ్చేది లేదన్నట్టు వాటిని మూసుకుని పడుకునేది. మూడో రోజున పెద్ద డాక్టరు అక్కనూ బావనూ తన గదిలో కూర్చోబెట్టి, ప్రతి కణంలోనూ జంటగా ఉండవలసిన పద్దెనిమిదో క్రోమోజోము పాపకు మూడుగా ఉందనీ, గుండె గదుల మధ్య గోడకు రంధ్రం ఉందనీ, ఇలాంటి పిల్లలు వారాలు, మహా అయితే నెలలు ఉంటారనీ నెమ్మదిగా చెప్పారు. ఆయన గొంతులో దయకు లోటు లేదు. సందేహానికి మాత్రం చోటు లేదు. ఆ సాయంత్రమే పాప ఫైలు మీద ఆయన చేతిరాతతో రెండు ముక్కలు పడ్డాయి: ‘బతుకుతో పొసగని స్థితి. నొప్పి తెలియకుండా చూడడం వరకే.’

ఆ ముక్కలు పడిన ఫైలును బండి కింది అరలో పెట్టడం ఆ వార్డు పద్ధతి. కింది అర ఫైళ్ళున్న పడకల దగ్గర బండి ఆగదు. అది క్రూరత్వమని అక్కడ ఎవరూ అనుకునేవారు కారు. ఆ పిల్లల్ని సూదులతో, గొట్టాలతో అనవసరంగా కదిలించకూడదన్న కరుణే ఆ పద్ధతికి మొదలు. మా పాపకు ముక్కులోంచి పొట్టలోకి వేసిన సన్నని గొట్టంలో రోజుకు ఎనిమిదిసార్లు పాలు పోసేవారు. ఊపిరి మరిచిపోయినప్పుడు అక్క అరికాలు మీద వేలితో తట్టేది. పాప మళ్ళీ గుర్తు తెచ్చుకునేది.

మాది కాటాలు బాగుచేసే ఇల్లు. నాన్న పోయాక ఆ పని అమ్మే చూసుకునేది. ముందుగదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. మందుల దుకాణాల కాటాలు, తపాలా కాటాలు, బంగారం తూచే త్రాసులు, అద్దాల పెట్టెల్లో ఉండి మనిషి ఊపిరి తగిలినా ఉలిక్కిపడే ప్రయోగశాల త్రాసులు, అన్నీ అమ్మ బల్ల మీదికి వచ్చి బుద్ధి తెచ్చుకుని వెళ్ళేవి. చిన్నప్పుడు అక్కకూ నాకూ ఒకటే ఆట: కళ్ళు మూసుకుని అరచేతిలో పెట్టినదాని బరువు చెప్పాలి. అక్క ఎప్పుడూ ఓడిపోలేదు. తప్పుతానేమోనని నేను ఎప్పుడూ నోరు తెరవలేదు. అందుకే అక్క చేతికి పనిముట్లు, నా చేతికి కలం వచ్చాయి. సరిచూసిన కాటాకు ధ్రువపత్రం రాసి, కింద ‘తేడా’ అన్నచోట అంకె వెయ్యడం నా పని.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం అక్క స్నానానికని ఇంటికి వచ్చి, తడి జుట్టుతోనే దుకాణంలోకి నడిచింది. వాన రేకుల మీద దరువేస్తోంది. అమ్మ తపాలా కాటా పొట్ట విప్పి కూర్చుంది.

“అమ్మా, కాటా ఎప్పుడైనా తొమ్మిది రోజులు ఒకే అంకె చూపిస్తుందా?”

“చచ్చిన కాటా అయితే చూపిస్తుంది.”

“పాప చార్టులో తొమ్మిది రోజుల నుంచి పదహారు వందల యాభై. గ్రాము ఎక్కువ లేదు, గ్రాము తక్కువ లేదు.”

అమ్మ స్క్రూడ్రైవరు పక్కన పెట్టింది. “తల్లీ, నా మాట విను. పెద్దాయన అంత వివరంగా చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నవాడు. నువ్విలా గ్రాములు ఏరుకుంటూ కూర్చుంటే రేపొద్దున తట్టుకోలేవు.”

“పాలు బరువును బట్టి పోస్తారమ్మా. బరువు పెరగలేదని పాలు పెంచట్లేదు. పాలు పోశాక కూడా నా వేలు పట్టుకుని చీకుతోంది. ఆకలేస్తోంది దానికి.”

“ఆకలని నీకెలా తెలుసు?”

“నాకు చెల్లెలు పుట్టినప్పుడు నీకెలా తెలిసిందో అలాగే.”

అమ్మ మళ్ళీ స్క్రూడ్రైవరు అందుకుంది. అక్క బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది. “పోనీ ఆ సంగతి వదిలెయ్. పనిమంతురాలివి కదా, పని గురించే చెప్పు. ప్రాణమున్నది ఏదైనా తొమ్మిది రోజులు ఒకే తూకం ఉంటుందా? నువ్వెక్కడైనా చూశావా?”

 అమ్మ ముక్కు మీది కళ్ళజోడు పైకి తోసుకుంది. “ఉండదు,” అంది. “కాటా చెడిపోయి ఉంటుంది. తూనికల శాఖ సీలు చూశావా? ఏ ఏడాదిది?”

“చూడలేదు.”

“కాటా దాకా వెళ్ళి సీలు చూడకుండా వచ్చావా? నా కడుపున ఎలా పుట్టావే నువ్వు!”

అప్పుడే బావ బస్సు డిపో నుంచి వచ్చి గుమ్మంలో గొడుగు దులుపుతున్నాడు. “అత్తయ్యా, డాక్టర్లతో తగువు పెట్టుకోవద్దని నిన్ననేగా నాకు గంటసేపు చెప్పారు?”

“డాక్టర్లతో ఎవరు పెట్టుకుంటున్నారు అల్లుడూ? నేను కాటాతో పెట్టుకుంటున్నా.”

మా ఇంట్లో మనుషుల మీద అనుమానం చివర వస్తుంది. అంకె తప్పిందంటే ముందు స్ప్రింగును చూస్తాం, తర్వాత పళ్ళేన్ని, తర్వాత బల్ల వాలును. తప్పంతా కాటాదే అయి ఉంటుందని ఆ రోజు మేం నలుగురమూ నమ్మాం. నమ్మకానికి మించి, అలా అయితే బాగుండునని కోరుకున్నాం. కాటా అయితే బాగుచేయవచ్చు.

వార్డు కాటాను ఉచితంగా సరిచూసి పెడతానంటే పెద్ద సిస్టర్ సంబరపడింది. పెద్ద డాక్టరు కూడా మంచిదే కదా అన్నారట. మర్నాడు మధ్యాహ్నం తల్లులు పాలు పట్టడం అయ్యాక, అమ్మా నేనూ చేతులు కడుక్కుని, పొడవాటి తెల్ల కోట్లు తొడుక్కుని వార్డులోకి వెళ్ళాం. అమ్మ పెట్టె తెరిచింది. ముదురు నీలం మఖమలు గుంటల్లో ఇత్తడి తూకపురాళ్ళు, పెద్దవాటి నుంచి గోరంత రేకుల దాకా, వరసగా పడుకుని ఉన్నాయి. అమ్మ చేతి తొడుగులు వేసుకుంది.

“బంగారమా ఏమిటమ్మా, చేత్తో తాకరు?” అంది ఒక సిస్టర్.

“వేలి జిడ్డుకు కూడా బరువుంటుంది సిస్టర్.”

జుట్టు ముడిలో ఎప్పుడూ పెన్సిలు గుచ్చుకుని తిరిగే చిన్న డాక్టరమ్మ ఒకరు ఉండేవారు. మేం ఆమెను పెన్సిలు డాక్టరమ్మ అనుకునేవాళ్ళం. ఆమె పని మానుకుని వచ్చి నిలబడింది. “నన్ను కూడా ఇందులో తూచి ధ్రువపత్రం ఇస్తారా? ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు చిక్కిపోయానంటే.”

“ఈ కాటాకు పది కిలోలే హద్దమ్మా. మీ ఫోను వరకైతే తూచి పెడతా,” అంది అమ్మ. సిస్టర్లు కిసుక్కున నవ్వారు.

అమ్మ రాయిని పళ్ళెం నడుమ పెట్టింది. తర్వాత నాలుగు మూలలా పెట్టింది. బరువు పెంచుకుంటూ పోయింది, తగ్గించుకుంటూ వచ్చింది. ప్రతిసారీ అంకె పైకి చదివేది. నేను రాసేదాన్ని. అర కిలో, తేడా సున్న. కిలో, తేడా సున్న. కిలోన్నర, తేడా సున్న.  రాళ్ళు పెరిగేకొద్దీ అమ్మ గొంతు నెమ్మదించింది. రెండు కిలోలు. తేడా సున్న.

అమ్మ తొడుగులు విప్పింది. “వంక పెట్టడానికి లేదు,” అంది. కాటాను పొగుడుతున్నట్టు లేదు, క్షమాపణ చెప్పుకుంటున్నట్టుంది. కాసేపు ఆ మెరిసే పళ్ళేన్నే చూస్తూ నిలబడి, తల ఎత్తకుండా అంది: “పాపను తెండి.”

“పొద్దున పూటే తూస్తామమ్మా,” అంది పెద్ద సిస్టర్.

“ఇప్పుడు తెండి సిస్టర్.”

అక్క పాపను రెండు అరచేతుల్లో మోసుకొచ్చింది. గొట్టం చివర సిస్టర్ ఎత్తి పట్టుకుంది. కాటా మీద పెట్టే ముందు అక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. “పదిహేడు వందల అరవైకి తగ్గదు,” అంది.

అంకెలు పరుగెత్తాయి, తడబడ్డాయి, నిలిచాయి. పదిహేడు వందల అరవై నాలుగు.

అమ్మ పాపను ఎత్తింది. పాప పుట్టాక ఆమె ఎత్తుకోవడం అదే మొదటిసారి. కాటా సున్నకు వచ్చేదాకా ఎత్తి పట్టుకుని, మళ్ళీ పెట్టింది. పదిహేడు వందల అరవై నాలుగు. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ పెట్టింది. మూడుసార్లు తూచనిది మా ఇంట్లో తూకం కాదు. మూడోసారి అంకెను ఆమె నా వైపు తిరిగి గట్టిగా చదివింది. నేను రాశాను.

“ఎన్ని రోజుల నుంచి తూచట్లేదు సిస్టర్?” అని అడిగింది అమ్మ. ఆ గొంతులో కోపం లేదు. ఏ దుకాణదారునైనా కాటా ఎప్పుడు కింద పడిందని అడిగేటప్పుడు ఎలా అడుగుతుందో అలా అడిగింది.

పెద్ద సిస్టర్ మెడలోని గడియారాన్ని సవరించుకుంది. “కింది అర పిల్లల్ని కదిలించొద్దని చెప్పారమ్మా. ఇద్దరమే ఉంటాం, ముప్పైమంది పిల్లలు. గడి ఖాళీగా వదిలితే ఆఫీసు వాళ్ళు అడుగుతారు. అందుకని...” ఆగింది. “నిన్నటిదే వేస్తున్నాం.”

“ఎవరు వేస్తున్నారు?” అన్న గొంతు గుమ్మం దగ్గరినుంచి వచ్చింది. పెద్ద డాక్టరు ఎప్పుడు వచ్చి నిలబడ్డారో మేం చూడలేదు. కాటా సంగతి కనుక్కుందామని మర్యాదకే వచ్చి ఉంటారు.

“అందరం సార్,” అంది పెద్ద సిస్టర్.

ఆయన చార్టు తీసుకున్నారు. ఒకదాని కింద ఒకటి వరసగా పేర్చినట్టున్న ఆ పది అంకెల్నీ పైనుంచి కిందికి చూశారు. ప్రతి అంకె పక్కనా పొద్దున్నే పడే ఆయన పొట్టి సంతకం ఉంది. జేబులోంచి కలం తీసి, పదకొండో గడిలో ఆ రోజు తేదీ, పదిహేడు వందల అరవై నాలుగు అని రాశారు.  ఫైలును బండి కింది అరలోకి వంచిన చెయ్యి కాస్త ఆగింది. తర్వాత దాన్ని పై అరలో పెట్టి వెళ్ళిపోయారు.

మర్నాడు మమ్మల్ని ఆయన గదికి పిలిచారు. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. ఆయన బల్లకు అటువైపు, పక్కన స్టూలు మీద పెన్సిలు డాక్టరమ్మ, ఇటువైపు మేం నలుగురం, కుర్చీలు మూడే. నేను గోడకానుకున్నాను.

“తూకం విషయంలో తప్పు మాది,” అన్నారాయన. “పాలు పెంచాం. కానీ ఒక తప్పు జరిగిందని జబ్బు మారిపోదు. నేనిలాంటి పిల్లల్ని అరవైమందిని చూశాను. ఏడాది దాటినవాళ్ళు ముగ్గురు. గుండెకు ఆపరేషనంటే కత్తి, గొట్టాలు, వారాల తరబడి యంత్రాలు. బతకని బిడ్డను అంత హింస పెట్టడం వైద్యం కాదు. తల్లి ఆశ కోసం బిడ్డ నొప్పి పడకూడదు. నేను అడ్డం నిలబడేది మీకు కాదమ్మా, ఆ నొప్పికి.”

ఆ మాటలు నిజాయితీగలవి. అక్క తల వంచుకుని విన్నది. 

“సార్,” అంది పెన్సిలు డాక్టరమ్మ. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య దాచుకుంది. “ఆ అరవైమందిలో ఎంతమంది ఫైళ్ళు కింది అరలో ఉండేవి?”

ఆయన ఆమె వైపు చూశారు.

“దాదాపు అన్నీ.”

“పోతారని చెయ్యలేదా సార్, చెయ్యలేదని పోయారా? ఈ రెండింట్లో ఏదని మనకెలా తెలుస్తుంది?”

 ఆయన కళ్ళజోడు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నారు. అరవయ్యేళ్ళకు దగ్గరపడుతున్న మనిషి, అంత అనుభవం, అంత పేరు. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోవడం ఆయనకు ఎంత తేలికో, దాన్ని నెత్తిన పెట్టుకోవడం ఎంత బరువో నాకు ఆ వయసులో తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది.

“తెలియదు,” అన్నారు.

అప్పుడు అక్క తలెత్తింది. “నూరేళ్ళు ఇవ్వమని మిమ్మల్ని అడగట్లేదు సార్. మీరు చెప్పినవన్నీ అర్థమయ్యాయి. పాపకు నొప్పెక్కువై లాభం లేదని పాపను చూసి మీరే చెప్పిన రోజున, నేనే ఆపమంటాను. కానీ చూసి చెప్పండి. అరవైమందినీ చూసి కాదు. దీన్ని చూసి.”

“ఆపరేషను బాగా జరిగినా నడుస్తుందని చెప్పలేను. మాట్లాడుతుందని కూడా చెప్పలేను.”

“మా ఇంట్లో మాట్లాడేవాళ్ళకు కరువు లేదు సార్,” అన్నాడు బావ. “అత్తయ్య ఒక్కరే నలుగురి పెట్టు.”

అమ్మ బావ మోచేతిని గట్టిగా పొడిచింది. పెద్ద డాక్టరు నవ్వలేదు గాని, ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి. గుండె ఆపరేషన్ల డాక్టరుకు ఆ గదిలోంచే ఫోను చేశారు. చాలాసేపు మాట్లాడారు. మధ్యలో ఒకసారి గొంతు పెంచి, “నాకు తెలుసయ్యా, ఇన్నాళ్ళూ నీకు వద్దని చెప్పినవాణ్ణి నేనే,” అన్నారు. ఫోను పెట్టేసి, “రెండు కిలోలు దాటితే చూస్తాడట,” అన్నారు. రంధ్రం అప్పుడే మూయరట. ఊపిరితిత్తులకు వెళ్ళే నాళం చుట్టూ చిన్న పట్టీ వేసి, వరదలా వెళ్తున్న రక్తాన్ని కట్టడి చేస్తారట.

రెండు కిలోలు. రెండువందల ముప్పై ఆరు గ్రాములు ఇంకా కావాలి. ఆ వానాకాలమంతా మా ఇంటిల్లిపాదీ ఆ రెండువందల ముప్పై ఆరు గ్రాముల కోసం బతికాం.

నిన్నటిదాకా వదిలెయ్యమన్న అమ్మ, పాలు ఒక్క ఉదుటున పోస్తే ఊపిరి ఆగుతోందనీ, పాపను ఏటవాలుగా పట్టుకుని బొట్టుబొట్టుగా దించితే ఆగట్లేదనీ కనిపెట్టి, సిస్టర్లందరికీ పాఠం చెప్పింది. “నూనె వేసేటప్పుడు కూడా ఇంతే సిస్టర్, తొందరపడితే బేరింగు పాడవుతుంది,” అనేది. దుకాణం తలుపు సగం రోజు మూసే ఉండేది. కాటాలు తెచ్చినవాళ్ళు వాకిట్లో పెట్టి, “పాప ఎంత?” అని అడిగి వెళ్ళేవారు. బావ పొద్దుటి డ్యూటీలు అడిగి మార్పించుకున్నాడు. నేను పాపను తాకడానికి భయపడటం మానేశాను. ఊపిరి మరిచినప్పుడు అరికాలును తట్టే వంతు నాకూ వచ్చింది. మొదటిసారి తట్టినప్పుడు ఆ కాలు నా వేలిని తన్నింది. ఆ తన్ను కోసం ఎన్ని కవితలైనా ఇచ్చేస్తాను.

అంకెలు మెట్లెక్కినట్టు ఎక్కలేదు. పద్దెనిమిది వందల ఎనభై దగ్గర పాపకు ఛాతీలో నెమ్ము చేరి, నాలుగు రోజుల్లో డెబ్భై గ్రాములు జారిపోయింది. ఆ నాలుగు రోజులూ మేం మనసులో భయపడింది జబ్బుకు కాదు, బండి కింది అరకు. కానీ పెద్ద డాక్టరే సూదిమందు రాశారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఏడో పడక దగ్గరికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, పాప ఛాతీ ఎగసిపడటాన్ని చూసేవారు. ఒకరోజు అక్కతో, “ఈ వేళ్ళిలా ఒకదానిమీద ఒకటి ఉంటాయని పుస్తకంలో చదివాను, వైద్య విద్యార్థులకు పాఠం చెప్పాను. ఇంతసేపు చూడలేదు,” అన్నారు. ఐదో రోజు పాప పిడికిలి విప్పి ఆయన కలం పట్టుకుంది. పెన్సిలు డాక్టరమ్మ అది చూసి, “సార్, సంతకం కూడా తనే చేస్తుందట,” అంది. ఆయన మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వారు.

యాభై మూడో రోజు పొద్దున, రెండువేల పన్నెండు గ్రాములు.

దాచి ఊరించడం నాకు చేతకాదు గనక ముందే చెప్పేస్తాను. పాప ఆపరేషను తట్టుకుంది. ఇంటికి వచ్చింది. ఏడాది దాటింది, ఇంకో ఏడాదీ దాటింది, పెద్ద డాక్టరు లెక్కలో నాలుగో మనిషి అయింది. నడక రాలేదు. మాట రాలేదు. నవ్వు వచ్చింది. అమ్మ అడుగుల చప్పుడు గుర్తుపట్టి తల తిప్పడం వచ్చింది. బావ బస్సు హారను నోటితో ఊదితే కేరింత కొట్టడం వచ్చింది. ఆ వార్డులో అన్ని పడకలకూ రోజూ తూకం వెయ్యాలన్న కాగితం గోడ మీదికెక్కింది. బండికి కింది అర తీసేశారు. తర్వాతి ఏళ్ళలో అలాంటి పిల్లల తల్లిదండ్రులకు పెద్ద డాక్టరు ఏం చెప్పేవారో పెన్సిలు డాక్టరమ్మ మాకు చెప్పింది. కొందరికి ఆపరేషను వద్దనే చెప్పేవారట. కానీ స్టూలు లాక్కుని కూర్చుని, ఆ బిడ్డను చూసి, అప్పుడు చెప్పేవారట.

అయినా ఆ కాలం నా కళ్ళముందుకు వచ్చినప్పుడల్లా, నాకు ముందు కనిపించేది ఆపరేషను రోజు పొద్దుటి పూటే. వాన వెలిసి, పొడుగాటి వరండా అంతా కిటికీల వెలుగు నలుచదరాలుగా పరుచుకుని ఉంది. చిన్న పడకను వార్డు మనిషి తోస్తున్నాడు. ఒక పక్క అక్క, ఒక పక్క అమ్మ. అమ్మ అరచెయ్యి పాప తల కింద ఉంది. వెనక బావ, నేను. ఆ ఉదయం తన రౌండ్లు ఇంకొకరికి అప్పగించి, పెద్ద డాక్టరు మాతోపాటు నడిచారు. దారిలో ఎదురైన డాక్టర్లు ఆగి చూశారు. ఏ పడకను తోస్తున్నారో వాళ్ళకు తెలుసు. ఆ పడక పక్కన ఎవరు నడుస్తున్నారో చూసి, వాళ్ళు గోడవైపు జరిగి దారి ఇచ్చారు. మేం తల ఎత్తుకుని నడిచాం. కాటాల దుకాణం వాళ్ళం, ఆస్పత్రి వరండాలో ఊరేగింపుగా నడిచినట్టు నడిచాం.

ఆపరేషను గది తలుపు దగ్గర ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న సిస్టర్ కాగితాల అట్టతో నిలబడి ఉంది.

“ఎవరమ్మా?”

“ఏడో పడక,” అన్నాడు వార్డు మనిషి.

“పడక నంబర్లు మీ వార్డులో. ఈ తలుపు దాటాలంటే ఇంటివాళ్ళు పేరు పైకి చెప్పాలి, నేను విని రాసుకోవాలి. మా నియమమది.”

పెద్ద డాక్టరు చేతిలోని ఫైలు తెరిచారు. అట్ట మీద చూశారు, లోపల చూశారు. అక్క పేరు ఉంది. దాని పక్కన ‘పాప’ అని ఉంది. ఆయన ఫైలు మూసి, “నేనూ అడగలేదు,” అన్నారు మెల్లగా.

అక్క కడుపుతో ఉన్నప్పుడు ఒక పేరు అనుకుని మా అందరికీ చెప్పింది. మూడో రోజున ఆ గదిలోంచి బయటికి వచ్చాక మళ్ళీ దాన్ని ఎత్తలేదు. మేం అడగలేదు. ఇప్పుడు ఆమె పెదవులు కదిలాయి, గొంతు మాత్రం రాలేదు. బావ ఆమె భుజం పట్టుకున్నాడు. సిస్టర్ కలం ఎత్తి పట్టుకుని మా వైపు చూస్తోంది.

అప్పుడు అమ్మ, పాప తల కింది అరచెయ్యి తీయకుండానే, వెన్ను నిటారుగా చేసుకుంది. బల్ల దగ్గర నిలబడి నాకు అంకె చదివి వినిపించేటప్పటి గొంతుతో, వరండా చివరిదాకా వినిపించేలా చెప్పింది:

“వకుళ.”